వెంట్రుకవాసి ఆలస్యం

ఫిబ్రవరి వస్తే అమెరికాలోని డెట్రాయిట్‌లోనూ, ఇంకా కొన్ని నగరాల్లోనూ జె డిల్లా పేరిట పాటల సభలు జరుగుతాయి. అసలు పేరు జేమ్స్ డివిట్ యాన్సీ. 1974 ఫిబ్రవరి 7న పుట్టి, 2006 ఫిబ్రవరి 10న కన్నుమూశాడు. సరిగ్గా 32 ఏళ్ల మూడు రోజులు బతికాడు. ర్యాప్ కూడా చేశాడు గానీ అతన్ని తలుచుకునేది అందుకు కాదు. ఇతరుల పాటల వెనక అతను కట్టిన దరువు కోసం.

హిప్‌హాప్, సోల్, ఎలక్ట్రానిక్ బాణీలు కలిసిన పాట ఇవాళ ఏ కాఫీ దుకాణంలోనైనా మెల్లగా మోగుతూనే ఉంటుంది. మూడింటినీ ఒక గిన్నెలో పోసి గరిటె తిప్పితే ఆ పాట వచ్చేస్తుందనుకుంటాం. డిల్లా పెరిగిన డెట్రాయిట్ ఊరిని చూస్తే అలా అనిపించదు. కార్ల కర్మాగారంలో పనిచేసి వచ్చిన బెర్రీ గోర్డీ 1959లో మోటౌన్ సంస్థను పెట్టింది అక్కడే. సోల్ పాటను ప్రపంచానికి పంచిన ఆ సంస్థ 1972లో లాస్ ఏంజెలెస్‌కు మకాం మార్చేసింది. ఊళ్లో కర్మాగారాలు ఒక్కొక్కటే చల్లబడ్డాయి. 1980లలో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు మిత్రులు సింథసైజర్లు, డ్రమ్ మెషీన్లు పట్టుకుని టెక్నో అనే కొత్త బాణీకి ప్రాణం పోశారు.

వీటన్నిటినీ జనం చెవిలో కలిపింది ఒక రేడియో గొంతు. ఎలక్ట్రిఫయింగ్ మోజో అని పేరు పెట్టుకున్న ఆయన తన ముఖం ఎవరికీ చూపించేవాడు కాదు. జర్మనీ యంత్ర సంగీత బృందం క్రాఫ్ట్‌వర్క్‌నూ, ప్రిన్స్‌నూ, ఫంకడెలిక్‌నూ ఒకే రాత్రి, ఒకదాని పక్కన ఒకటి వేసేవాడు. వింటున్నవాళ్లంతా ఇంటి ముందు దీపం వెలిగించండి, కారు హారన్ కొట్టండి అంటే, ఊరు ఊరంతా కొట్టేదట! ఏ పాట ఏ అరలోదో ఆ ఊరి పిల్లలకు ఎవరూ చెప్పలేదు. అందుకే 2001లో డిల్లా వేసిన 'వెల్‌కమ్ టు డెట్రాయిట్' ఆల్బమ్‌లో క్రాఫ్ట్‌వర్క్‌కు దండం పెట్టే పాట ఒకటి కనిపిస్తే ఆ ఊరివాళ్లకు వింతేమీ అనిపించలేదు.

ఇంట్లో తండ్రి జాజ్ బేస్ వాయించేవాడు. తల్లి మౌరీన్‌కూ సంగీతం తెలుసు. ఆంప్ ఫిడ్లర్ అనే కీబోర్డు విద్వాంసుడు ఈ కుర్రాణ్ణి ఇంటికి రానిచ్చి, ఎంపీసీ అనే యంత్రాన్ని అతని ముందు పెట్టాడు.

ఆ యంత్రం గురించి కొంచెం చెప్పుకోవాలి. రోజర్ లిన్ అనే ఇంజనీరు 1980 ప్రాంతంలో తన డ్రమ్ మెషీన్‌కు ఒక దిద్దుబాటు నేర్పాడు. మనిషి వేలు అటూ ఇటూ పడినా, యంత్రం ఆ దెబ్బను దగ్గర్లో ఉన్న సరైన గీత మీదికి లాగి కూర్చోబెడుతుంది. తర్వాత ఆయనే అకాయ్ కంపెనీతో కలిసి ఎంపీసీని తయారుచేశాడు. పదహారు రబ్బరు మీటలు. ఒక్కో లెక్కను 96 ముక్కలుగా కోసి చూసే గడియారం. నేర్వని చేతికి కూడా తాళం తప్పదు. ఇంకేం కావాలి?

డిల్లాకు తప్పడమే కావలసి వచ్చింది. దిద్దుబాటు ఆపేసి వాయించాడని అందరూ చెబుతారు. అది సగం నిజం. కొన్నిటిని వేలికే వదిలేశాడు. కొన్నిటిని మాత్రం యంత్రం చేతనే పక్కకు జరిపించాడు. స్నేర్ డ్రమ్ము దెబ్బను రవ్వంత ముందుకు, కిక్ డ్రమ్ము దెబ్బను రవ్వంత వెనక్కి తోసి, పైన హై-హ్యాట్ తాళాలను నిటారుగా నడవనిచ్చాడు. అంటే అది చేతకానితనమూ కాదు, అజాగ్రత్తా కాదు. మన లెక్కలో చెప్పాలంటే చతురశ్రంలో నడిచేదీ తిశ్రం వైపు ఒరిగేదీ ఒకే పాటలో పక్కపక్కన నడుస్తాయి. ఈ రాసేవాడు మొదటిసారి విన్నప్పుడు, ఎండకు సాగిన క్యాసెట్ గుర్తొచ్చి, స్పీకరు వైపు అనుమానంగా చూసిన మాట వాస్తవం.

ముందూ వెనకా అనే ముచ్చట మనకు కొత్తేమీ కాదు. తాళ దశప్రాణాల్లో గ్రహం ఒకటి. పాట తాళంతో పాటే ఎత్తుకుంటే సమం, అటో ఇటో ఎత్తుకుంటే అతీత, అనాగతాలు. అయితే అక్కడి ఎడానికి లెక్క ఉంటుంది, వేళ్ల మీద చూపించవచ్చు. డిల్లా ఎడం వేలికి అందదు, ఒంటికి మాత్రం తెలుస్తుంది. తల ఊగుతుంది గానీ ఎక్కడ ఊపాలో తలకే తేలదు.

ద రూట్స్ బృందంలో డ్రమ్స్ వాయించే క్వెస్ట్‌లవ్‌కు ఒకప్పుడు గడియారం ముల్లులా వాయిస్తాడని పేరు. డిల్లా దరువు చెవిన పడ్డాక తాను నేర్చుకున్నదంతా మళ్లీ విప్పి చూసుకోవలసి వచ్చిందని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. న్యూయార్క్‌లో జిమి హెండ్రిక్స్ కట్టించిన ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో వీళ్లిద్దరూ మిత్రులతో కూడిన రోజుల్లోంచే 2000లో డి'యాంజెలో 'వూడూ', ఎరికా బడూ 'మామాస్ గన్', కామన్ 'లైక్ వాటర్ ఫర్ చాక్లెట్' ఆల్బమ్‌లు వచ్చాయి. 'వూడూ'లో డ్రమ్ములు చాలావరకు కొట్టింది మనుషులే. యంత్రంతో ఒక మనిషి చేయించిన తడబాటును మళ్లీ చేత్తో సాధన చేసి మరీ వాయించారు. ఆ తర్వాత రాబర్ట్ గ్లాస్పర్, క్రిస్ డేవ్ లాంటి జాజ్ కళాకారులు దాన్ని ఇంకా దూరం తీసుకుపోయారు. ఇప్పుడు పాటలు చేసే సాఫ్ట్‌వేర్లలో 'హ్యూమనైజ్' అని ఒక మీటే ఉంటుంది. నొక్కితే దరువులు కాస్త చెదురుతాయి. ఎటు చెదరాలో దానికి తెలియదు, అంతే తేడా.

డిల్లా మీద ఒక ఫిర్యాదు ఎప్పుడూ ఉంటుంది, పాత పాటలతో కొత్త పాట కట్టే అందరి మీదా ఉన్నట్టే. పాత రికార్డుల్లోంచి ముక్కలు కత్తిరించి అతికిస్తే అది సొంత సంగీతం ఎలా అవుతుంది? పాత చీరలతో కుట్టిన బొంతను చూసి కూడా ఆ ప్రశ్న వేయవచ్చు. చీర ఎవరిదో చెప్పకపోతే, దాని ధర ఇవ్వకపోతే తప్పే, అందులో మాట లేదు. మన పాటలూ ఆ కత్తెరకు దొరికాయి. 'దళపతి'గా మనం చూసిన మణిరత్నం సినిమాలోని ఇళయరాజా బాణీ ముక్క 2007లో ఎం.ఐ.ఎ. అనే లండన్ గాయని ఆల్బమ్‌లో మోగింది. డిల్లాతో జట్టుకట్టి 'జేలిబ్' పేరుతో పనిచేసిన మ్యాడ్‌లిబ్ అదే ఏడాది హిందీ సినిమా పాటల ముక్కలతో 'బీట్ కండక్టా ఇన్ ఇండియా' చేశాడు. ఆ వరుసలో తర్వాతి భాగాలను పోయిన మిత్రుడికి అంకితమిచ్చాడు.

చివరి రోజుల్లో డిల్లాను రక్తానికి సంబంధించిన అరుదైన జబ్బు, లూపస్ రెండూ కుంగదీశాయి. 2005లో యూరప్ వేదికల మీద చక్రాల కుర్చీలో కూర్చునే పాడాడు. 'డోనట్స్' ఆల్బమ్ మొత్తం ఆసుపత్రి మంచం మీదే పుట్టిందన్న కథను కొంచెం తగ్గించి నమ్మాలి. అందులో చాలా భాగం అంతకు ముందు చేసుకున్నదే. కానీ తల్లి రికార్డులు మోసుకెళ్లి ఇచ్చిన మాట, వాచిన అతని వేళ్లను పని సాగేలా ఒత్తిపెట్టిన మాట ఆమె నోటి నుంచి వచ్చినవే. కొడుకు ఎంపీసీని స్మిత్‌సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి ఇచ్చిందీ ఆమే. వాషింగ్టన్‌లో 2016లో తెరిచిన ఆ భవనంలో అదిప్పుడు చూడటానికే గానీ ముట్టుకోవడానికి లేదు.

'డోనట్స్' అతని 32వ పుట్టినరోజున విడుదలైంది. 31 చిన్న ముక్కలు, అతని మాట ఒక్కటీ లేదు. మొదటి ముక్కకు ముగింపు అని పేరు పెట్టాడు. ఆఖరి ముక్క ప్రదర్శనకు స్వాగతం చెబుతుంది. దాని చివర తెగిన చోటే మొదటిది అందుకుంటుంది. ఆపడం మరిచిపోతే అది అలా తిరుగుతూనే ఉంటుంది.