రెండు ట్రంపెట్లు... ఒక్క ఊపిరి!

హాల్లో ఒక్క ప్రేక్షకుడూ కనిపించలేదు. అయినా వాయించమన్నారు. వాయించారు. చప్పట్లు లేవు. మర్నాడు కబురొచ్చింది... కచేరీ స్టాలిన్‌కు నచ్చిందని! 1941లో సోచి పట్నంలో జరిగిందని చెప్పుకునే కథ ఇది. ఆ బృందనాయకుడి పేరు ఎడ్డీ రోజ్నర్. ఐదేళ్లకే అదే స్టాలిన్ ప్రభుత్వం అతన్ని జైల్లోకి నెట్టింది.

రోజ్నర్ 1910లో బెర్లిన్‌లో పుట్టాడు. పోలండ్ మూలాలున్న యూదుల కుటుంబం. చిన్నప్పుడు నేర్చుకున్నది వయొలిన్. అమెరికా నుంచి వచ్చిన జాజ్ గాలి సోకాక ట్రంపెట్ పట్టాడు. రెండు ట్రంపెట్లు పెదాలకు ఆనించి ఒకేసారి ఊదుతుంటే జనం నోరెళ్లబెట్టేవారు. 'తెల్ల ఆర్మ్‌స్ట్రాంగ్' అని ముద్దుగా పిలుచుకునేవారు.

1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. నాజీల లెక్కలో జాజ్ నల్లవాళ్ల సంగీతం. వాయించేదేమో యూదుడు. ఇంకెక్కడి బతుకు? రోజ్నర్ పోలండ్ చేరి సొంత బృందం పెట్టుకున్నాడు. 1939లో జర్మన్ సేనలు అక్కడికీ వచ్చాయి. భార్య, నటి రూత్ కామిన్‌స్కాతో కలిసి సోవియట్ల వైపు పారిపోయాడు. అక్కడ మాత్రం ఎర్ర తివాచీ పరిచారు. బెలారస్ ప్రభుత్వ జాజ్ ఆర్కెస్ట్రాకు అతనే సారథి.

యుద్ధం ముగిసింది. గాలి తిరిగింది. జాజ్ పనికిమాలిన పాశ్చాత్య సంగీతమైపోయింది. 1946లో పోలండ్ వెళ్లిపోదామని బయల్దేరితే దారిలోనే, ల్వోవ్‌లో అరెస్టు చేశారు. పదేళ్ల శిక్ష! రూత్‌ను కజకిస్థాన్‌కు పంపేశారు. రోజ్నర్ చేరింది సైబీరియాకూ అవతల, ఎముకలు కొరికే చలిలో ఉన్న కొలిమా శిబిరాలకు. విచిత్రమేమిటంటే, అక్కడా అధికారులకు పాట కావాలి. ఖైదీలతోనే బృందం కట్టించారు. బయట మూగబోయిన జాజ్ ముళ్లకంచె లోపల మోగింది. ఇంతలో స్కర్వీ జబ్బు పట్టుకుంది. చిగుళ్లు దెబ్బతిని పళ్లు కదిలితే ట్రంపెట్ ఊదేదెలా?

స్టాలిన్ పోయిన మరుసటేడు, 1954లో విడుదలయ్యాడు. మాస్కోలో మళ్లీ ఆర్కెస్ట్రా పెట్టాడు. 1956 నాటి హిట్ చిత్రం 'కార్నివాల్ నైట్'లో వినిపించేది ఆ బృందమే. 1973లో అనుమతి దొరికి పశ్చిమ బెర్లిన్ వెళ్లిపోయాడు. అంతే, సోవియట్ దేశంలో అతని పేరు వినపడకుండా చేశారు. పుట్టిన ఊళ్లోనే 1976లో కన్నుమూశాడు.

పేరైతే చెరిపారు కానీ... కొత్త సంవత్సరం వస్తే రష్యా టీవీల్లో ఆ సినిమా వేయడం ఆనవాయితీ. తెరమీద రోజ్నర్ బృందం వాయిస్తూనే ఉంటుంది.