ఫార్మాట్ కొట్టడం ఒక వైద్యమా?

మా మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు కంప్యూటర్ షాపుల్లో అన్ని రోగాలకీ ఒకటే మందు. లాప్‌టాప్ నెమ్మదించిందా? ఫార్మాట్. వైఫై తగలట్లేదా? ఫార్మాట్. ప్రింటర్ పలకట్లేదా? దానికీ ఫార్మాటే. ఆర్‌ఎంపీ దగ్గరికి ఏ నొప్పితో వెళ్ళినా ఒకటే సూది వేసి పంపినట్టు. సూది నొప్పి రెండు రోజుల్లో పోతుంది. ఇక్కడ పోయినవి మాత్రం తిరిగి రావు.

నేను విండోస్ మళ్ళీ ఎక్కించడానికి వ్యతిరేకిని కాను మహాప్రభో. మూడు నాలుగేళ్ళు వాడిన సిస్టమ్‌ని శుభ్రంగా మళ్ళీ ఎక్కిస్తే మంచిదే. నా గొడవల్లా ఏంటంటే, విండోస్ మళ్ళీ ఎక్కించడం వేరు, డిస్క్ మొత్తం తుడిచెయ్యడం వేరు. మనవాళ్ళ నోట్లో ఈ రెంటికీ కలిపి ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టెయ్".

పలకల ఊరు కాబట్టి పలకతోనే చెప్తా. పలక మధ్యలో గీత గీసి ఎడమవైపు లెక్కలు, కుడివైపు అచ్చులు రాశామనుకోండి. లెక్కలు తుడవాలంటే ఎడమవైపే తుడుస్తాం. పార్టిషన్ చేసుకునేది అందుకే. సీ తుడిచి విండోస్ ఎక్కిస్తే డీ అలాగే ఉంటుంది. కానీ పలక చేతిలోంచి జారితే పగులు ఆ గీత దగ్గర ఆగదు కదా! "డీలో పెట్టా కదా, సేఫ్" అనే ధైర్యం నాకు ఎప్పటికీ అర్థం కాదు. సీ, డీ ఒకే డిస్క్ మీద రెండు గళ్ళు. అది బ్యాకప్ ఎట్టా అవుతుంది? పైగా డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ అన్నీ మామూలుగా ఉండేది సీలోనే.

మా పిన్ని కొడుకు గిద్దలూరులో ఒక షాపులో లాప్‌టాప్ ఇచ్చాడు. బీటెక్ ఆఖరి ఏడాది. "డీ జోలికి పోవద్దన్నా" అని మరీ చెప్పాడట. "ఏం కాదులే" అన్నారట వాళ్ళు. సాయంత్రం నాకు ఫోన్, "అన్నా, డీ కనపడట్లేదు" అని. స్క్రీన్ ఫొటో పంపమంటే పంపాడు. 476 జీబీకి కాస్త అటూ ఇటూగా ఒకటే సీ, తళతళా మెరుస్తోంది. ప్రాజెక్ట్ రిపోర్ట్ గైడ్‌కి మెయిల్ చేసి ఉండబట్టి కొంత దొరికింది. మా తాత పొలం కాగితాల స్కాన్లు, అమ్మమ్మ పోయేముందు తీసిన వీడియోలు మాత్రం పోయాయి. షాపువాళ్ళ జవాబు: "ఫార్మాట్ అంటే అంతే కదన్నా".

కాదు, అంతే కాదు. విండోస్ ఇన్‌స్టాలర్‌లో డిస్క్ ఎంచుకునే చోట సీ, డీ అనే అక్షరాలే కనపడవు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, 2, 3, 4 అని నంబర్లు, పక్కన సైజులు. సీ, డీ రెండూ సమానంగా పంచి ఉంటే ఏది ఏదో ఎవడికి తెలుసు? అందుకని ముందే విండోస్‌లోకి వెళ్ళి సైజులు రాసుకోవాలి, డీకి ఒక పేరు పెట్టుకోవాలి. ఆ పేరు ఇన్‌స్టాలర్‌లో కనిపిస్తుంది. అప్పుడు సీ ఒక్కటే డిలీట్ చేసి, ఖాళీ అయిన చోటే ఎక్కించాలి. వంద ఎంబీల సిస్టమ్ పార్టిషన్‌ని ముట్టుకోనక్కర్లేదు. రెండు నిమిషాల జాగ్రత్త. దానికి బద్ధకించి, వరసగా అన్నీ డిలీట్ కొట్టుకుంటూ పోతారు.

పాత హార్డ్ డిస్క్ రోజుల్లో అయితే రికవరీ సాఫ్ట్‌వేర్లు పెట్టి ఎంతో కొంత లాగేవాళ్ళం. ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ కూడా లేదు. క్విక్ ఫార్మాట్ కొట్టగానే ఈ బ్లాకులు ఇక అక్కర్లేదని విండోస్ ట్రిమ్ కమాండ్ పంపిస్తుంది, డిస్క్ తన తీరిక చూసుకుని వాటిని నిజంగానే ఊడ్చేస్తుంది. తర్వాత ఎంత తవ్వినా దాదాపు ఏమీ రాదు.

పెళ్ళిపత్రికలు కొట్టే డీటీపీ వాళ్ళది ఇంకో బాధ. ఫైల్ డీలో క్షేమంగానే ఉంటుంది, సీతో పాటు అను ఫాంట్లు పోతాయి. తెరిస్తే పెళ్ళికూతురి పేరు ఉండాల్సిన చోట పిచ్చిగీతలు.

ఇంకో ఘోరం. విండోస్ 8 కాలం నుంచీ, విండోస్‌తో అమ్మిన లాప్‌టాప్‌లలో దాని కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. అదే ఎడిషన్ ఎక్కిస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. మీరు డబ్బులు పెట్టి కొన్న అసలు విండోస్ తీసేసి, "ప్రో వేశానన్నా" అని క్రాక్ చేసింది ఎక్కించి, దానికి డబ్బులు తీసుకుంటారు. ఆ క్రాక్ లోపల ఇంకేం ఉందో వేసినవాడికీ తెలియదు.

అన్నిటికన్నా భయపడాల్సింది అకౌంట్ గురించి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా లాప్‌టాప్‌లలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి వెళ్తుంది. షాపువాడు తొందరకొద్దీ తన అకౌంటే కొట్టాడనుకోండి, మీ ఇంటి తాళం వాడి జేబులో ఉన్నట్టే. ఏడాది తర్వాత నీలం తెర మీద 48 అంకెల కీ అడిగితే ఎవర్ని పట్టుకుంటారు?

షాపు కుర్రాళ్ళనే తిడితే అన్యాయం. మూడొందలో అయిదొందలో ఇచ్చి అరగంటలో కావాలంటాం. 200 జీబీ డేటాని పాత యూఎస్‌బీ 2 పోర్ట్ మీద సెకనుకి 30 ఎంబీ చొప్పున బయటికి తీస్తే దగ్గర దగ్గర రెండు గంటలు. ఆ రెండు గంటలకి ఎవరు డబ్బులిస్తున్నారు? బ్యాకప్‌కి వేరే రేటు పెట్టండి, రసీదు మీద "సీ మాత్రమే" అని రాసివ్వండి. అప్పుడు ఇవ్వనంటే మా తప్పు.

ఇక మన ఐటీ జనం. రోజంతా ఆఫీసులో ప్రొడక్షన్ డేటాబేస్ మీద డిలీట్ కొట్టాలంటే ముగ్గురి అప్రూవల్ అడుగుతాం. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం "షాపులో ఇచ్చి ఫార్మాట్ కొట్టించు" అని పెట్టేస్తాం. చాలాసార్లు షాపు కూడా అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో రీసెట్ ఉంది, విండోస్ ఉన్న డ్రైవ్ ఒక్కటే తుడవాలా, అన్నీ తుడవాలా అని అదే అడుగుతుంది. షాపువాడు అడగని ప్రశ్న అది!

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. ఆ పేరు చెప్పి ఇంకో విడత ఫార్మాట్ల జాతర. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న లాప్‌టాప్‌లకి విండోస్ 11 అధికారికంగా లేదు. పెద్దవాళ్ళు బ్రౌజర్, వీడియో కాల్ తప్ప వాడకపోతే లైనక్స్ మింట్ హాయిగా సరిపోతుంది. కాబట్టి ఈసారి పండక్కి మార్కాపురం రోడ్ స్టేషన్లో దిగేవాళ్ళు బ్యాగులో ఒక 8 జీబీ బూట్ పెన్‌డ్రైవ్, ఒక ఖాళీ ఎక్స్‌టర్నల్ డిస్క్ వేసుకుని రండి. ముందు డిస్క్ తగిలించి కాపీ పెట్టి భోజనానికి కూర్చోండి. పెన్‌డ్రైవ్ సంగతి ఆ తర్వాత చూడొచ్చు.