ఎక్కడ నవ్వాలో మా పిల్లలకు తెలుసు
(కణేకల్ నుంచి – 14)

"ఈ పిల్లలకు నాటకం చూడడం రాదు మేడం."

ఈ మాట ఒక స్టాఫ్‌రూమ్‌లో విన్నాను. సమాధానం అక్కడే చెప్పాను. కానీ ఇది ఒక్క స్టాఫ్‌రూమ్ మాట కాదు. మన సాహిత్య సభల్లో, నాటక పోటీల్లో, యువజనోత్సవాల్లో మర్యాదైన భాషలో రోజూ వినపడే మాట. అందుకే ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను. మిత్రులారా, పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి.

కాలేజీ పేరు రాయను. నాటకం వేసిన బృందం పేరూ రాయను. నా గొడవ ఆ నలుగురితో కాదు. వాళ్ళ చేత అలా రాయించిన, అలా ఆడించిన, చివరికి అలా మాట్లాడించిన అలవాటుతో.

జరిగింది ఇది. "నేటి యువత సంఘర్షణ" అనే అంశం మీద ఒక నాటకం వేశారు. కథానాయకుడు ఇంజనీరింగ్ కుర్రాడు. తండ్రికి అమెరికా పిచ్చి, కొడుక్కి గిటారు పిచ్చి. మార్కులు, ప్రేమ, సెల్‌ఫోన్, ఒంటరితనం. చివర్లో తండ్రి మారిపోతాడు. గిటారు కొనిస్తాడు. అందరూ చప్పట్లు కొట్టాలి.

చూస్తున్నది ఎవరు? హగరి ఒడ్డు ఊర్ల నుంచి, హెచ్చెల్సీ కాలువ కింది ఊర్ల నుంచి, కాలువ నీళ్ళు ఎన్నడూ చూడని మెట్ట ఊర్ల నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలు. సగం మంది సంక్షేమ హాస్టళ్ళ నుంచే వస్తారు. శెనక్కాయ పీకేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు హాజరు పట్టీలో వాళ్ళ పేర్ల ఎదురుగా గైర్హాజరే ఉంటుంది. సెలవుల్లో కొందరు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టడానికి పోతారు. కొందరు బెంగళూరులో కూలికి పోయిన అమ్మానాన్నల దగ్గరికి పోతారు. అక్కడా పనికే.

నాటకంలో ఒక ఘట్టం ఉంది. తండ్రి మీద కోపంతో కొడుకు అన్నం పళ్ళేన్ని పక్కకు నూకేస్తాడు. విషాద సంగీతం. లైటు తగ్గుతుంది. అప్పుడు వెనక వరస నుంచి ఒక గొంతు: "ఒరేయ్, వద్దంటే ఇట్లా ఇయ్యిరా!" హాలంతా గొల్లుమంది.

ఇంకో ఘట్టం. ఆ ఇంట్లో పనిమనిషి. ఆ పాత్రకు పేరు లేదు. మిగతా పాత్రలన్నీ సినిమా తెలుగు మాట్లాడితే ఆమె ఒక్కతే మన సీమ యాస మాట్లాడుతుంది. జీతం ముందుగా ఇయ్యమ్మా, మా పాపకు ఫీజు కట్టాల అని చేతులు తిప్పుకుంటూ అడుగుతుంది. ఇది కామెడీ ఘట్టం. నవ్వాలి. నవ్వు కోసం నటి ఒక్క క్షణం ఆగింది కూడా. హాలులో ఒక్కరూ నవ్వలేదు.

మర్నాడు ఒక అమ్మాయి నాతో అంది: "మేడం, ఆయమ్మ మా అమ్మ మాదిరే మాట్లాడింది. దానికి నగాల్నంట."

ఏడవమన్న చోట నవ్వారు. నవ్వమన్న చోట మౌనంగా ఉండిపోయారు. దీన్ని నాటకం చూడడం రాకపోవడం అంటారా? నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదాన్ని. విమర్శ గురించి కట్టలు కట్టలు చదివాను. ఇంత సూటిగా, ఇంత తక్కువ మాటల్లో చేసిన నాటక విమర్శను నేను ఎక్కువగా చూడలేదు.

కానీ పెద్దలకు అది అల్లరి. "సంస్కారం లేదు" అన్నారు. చివరికి తీర్మానం ఏమిటో తెలుసా? ఇకమీదట సాంస్కృతిక కార్యక్రమాలకు హాస్టల్ పిల్లలను పిలవరట. "సెలెక్ట్ చేసిన స్టూడెంట్స్" చాలట. సెలెక్ట్ ఎవరు చేస్తారు? ఏ కొలతతో? ఇది మనకు తెలియని మాటా? గుడి ముందర వినలేదా? హోటల్లో రెండు గ్లాసుల దగ్గర వినలేదా? ఇప్పుడు ఆడిటోరియం తలుపు దగ్గర వింటున్నాం. అంతే తేడా.

నాటకం అయ్యాక అభిప్రాయ పత్రాలు కూడా పంచారు. "ఈ నాటకం ద్వారా మీరు నేర్చుకున్న నీతి ఏమిటి?" అని ప్రశ్న. ఒక అబ్బాయి రాశాడు: "అన్నం పారేయకూడదు." దాన్ని చదివి కూడా నవ్వుకున్నారు. నాకైతే అందులో వెక్కిరింత కనపడలేదు. ఆ పత్రాల కట్టలో నిజాయితీగా ఉన్న కాగితం అదొక్కటే అనిపించింది.

ఇక అసలు విషయానికి వస్తాను.

"యువత" అనే మాటకు మన రంగస్థలం మీద కులం లేదంటారు. ఉంది. మొదటి నుంచీ ఉంది. మా పక్కనున్న బళ్ళారినే చూడండి. తెలుగు నాటకానికి పుట్టినిల్లు లాంటి ఊరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ సరసవినోదినీ సభ నడిపారు. మన తాడిపత్రిలో 1880లో పుట్టిన రాఘవ ఆ ఊరి పేరుతోనే బళ్ళారి రాఘవ అయ్యాడు. ధర్మవరం వారి పేరు చెప్పగానే గుర్తొచ్చే నాటకం విషాద సారంగధర. అన్యాయంగా నింద పడి కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న యువకుడి కథ. కానీ ఆ యువకుడు రాకుమారుడు. ప్రేక్షకులు ఏడ్చింది రాజుగారి కొడుకు కోసం.

కన్యాశుల్కం తీసుకోండి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. గురజాడ గొప్పవాడు. దాన్ని నేను క్లాసులో ఇష్టంగా చెబుతాను. అందులో పరీక్ష తప్పి ఇంటికి పోవడానికి భయపడే కుర్రాడు వెంకటేశం. వాడి భయం నిజం. కానీ వాడికి పోవడానికి అగ్రహారం ఉంది, వెనకేసుకొచ్చే తల్లి ఉంది, వడ్డించే వంటిల్లు ఉంది. అదే నాటకంలో లుబ్ధావధాన్లు ఇంటి పనివాడు అసిరి ఉన్నాడు. అసిరి ఏం చదివాడు? వాడికి ఏం కావాలని ఉండేది? నూట ముప్పై ఏళ్ళు దాటింది. గిరీశం మీద ఎన్ని వ్యాసాలు రాశాం! ఈ ప్రశ్న ఎంతమంది అడిగారు?

రాకుమారుడి నుంచి అగ్రహారం కుర్రాడి దాకా, అక్కడి నుంచి గిటారు కుర్రాడి దాకా వచ్చాం. బట్టలు మారాయి. ఇల్లు మారలేదు. ఆ ఇంట్లో పని చేసేవాళ్ళు కూడా మారలేదు.

మరి మనవాళ్ళ యవ్వనం రంగస్థలం ఎక్కలేదా? ఎక్కింది. ఎక్కినప్పుడు ఏం జరిగిందో చూడండి.

1855లో జోతిరావు ఫూలే మరాఠీలో తృతీయ రత్న అనే నాటకం రాశాడు. పురోహితుడి చేతిలో మోసపోయిన ఒక పేద రైతు జంట కథ. చివరికి ఆ ఇద్దరూ ఫూలే దంపతుల రాత్రిబడిలో చేరడానికి బయలుదేరతారు. బహుమతి కోసం పంపితే దక్షిణా ప్రైజ్ కమిటీ తిప్పి పంపింది. అప్పుడూ "సెలెక్షన్" ఉండేది మరి!

మన తెలుగులో బోయి భీమన్న ఉన్నాడు. 1911లో మామిడికుదురులో పుట్టినవాడు. స్వాతంత్ర్యం రాకముందే పాలేరు నాటకం రాశాడు. పాలేరుగా బతికే ఒక కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. ఈ నాటకం చూసి ఎందరో తల్లిదండ్రులు పిల్లలను పశువుల కొట్టం నుంచి తీసి బడిలో వేశారన్నది మన సాహిత్య చరిత్రలో మళ్ళీ మళ్ళీ చెప్పుకునే మాట. ఆలోచించండి. ఒక నాటకానికి ప్రేక్షకుడు ఇవ్వగలిగిన స్పందన ఇంతకంటే ఏముంటుంది? చప్పట్లు కాదు, అభిప్రాయ పత్రం కాదు. మర్నాడు పొద్దున కొడుకు చేతికి పలక ఇవ్వడం.

ఆ గొడవ అయ్యాక మా పిల్లలతో పాలేరు చదివించాను. స్టేజీ లేదు, లైట్లు లేవు. బెంచీలు పక్కకు జరిపి, పాత్రలు పంచుకుని చదివారు. పాలేరు అంటే గోదావరి మాట, మన దగ్గర జీతగాడు అని చెప్పాను. ఆ మాట వినగానే క్లాసు మారిపోయింది. "మా జేజినాయన రెడ్డోళ్ళింట్లో జీతానికుండె" అని ఒకడు. "మా నాయన కూడా చిన్నప్పుడు ఉండె మేడం" అని ఇంకొకడు. వెట్టి చాకిరీని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. లెక్క వేసుకోండి. ఇది పురాణం కాదు, వాళ్ళ ఇంటి మాట.

వాళ్ళు భీమన్నను కూడా ఊరికే వదల్లేదు. వెనక వరస గొంతే (అవును, అదే గొంతు) అడిగింది: "మేడం, వీడొక్కడూ ఆఫీసరైనాడు సరే. కొట్టంలో మిగిలినోళ్ళ సంగతేంది?" దళిత సాహిత్య విమర్శలో ఎన్నో ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న ఇది. డిగ్రీ రెండో ఏడు పిల్లవాడు ఒక్క వాక్యంలో అడిగేశాడు. గంట కొట్టినా లేవకుండా వాదించుకున్నారు. వీళ్ళకు నాటకం చూడడం రాదట! రాత్రంతా కూర్చుని బయలాట చూసి, తెల్లారి పనికి పోయిన తాతల మనవలు వీళ్ళు. ఉరుముల మోత మధ్య పెరిగిన పిల్లలు. నాటకం ఎక్కడ అబద్ధమాడుతుందో వీళ్ళకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

"బాధ ఎవరిదైనా బాధే కదా మేడం, దానికి కూడా కులం అంటగడతారా?" అని కామెంట్ పెట్టబోయే మిత్రులకు ముందే చెబుతున్నాను. గిటారు కుర్రాడి బాధ అబద్ధం అనడం లేదు. తండ్రి ఆశల కింద నలిగే పిల్లలు ఉన్నారు. వాళ్ళ మీద నాటకం రావాలి, మంచి నాటకం రావాలి. నా అభ్యంతరం ఒక్కటే. దానికి "నేటి యువత సంఘర్షణ" అని పేరు పెట్టొద్దు. అది కొందరు యువకుల సంఘర్షణ. కొందరిని అందరూ అని పిలవడమే అగ్రకుల సాహిత్యం ఇన్నాళ్ళూ ఆడిన పెద్ద నాటకం. మేం రాస్తే మాత్రం అది "దళిత నాటకం". దానికి విశేషణం తప్పదు!

యువత సంఘర్షణ కావాలా? ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్ ఆపేస్తే వచ్చిన ఉద్యోగం వదులుకున్న కుర్రాడి మీద రాయండి. డిగ్రీ మధ్యలో పెళ్ళి చూపులకు కూర్చోబెడితే పరీక్ష ఫీజు రసీదు జాకెట్లో దాచుకున్న అమ్మాయి మీద రాయండి. 2016 జనవరి 17 మీద రాయండి. కార్ల్ సాగన్ లాగా సైన్స్ రచయిత కావాలనుకున్న రోహిత్ వేముల 26 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. చివరి ఉత్తరంలో కూడా తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ డబ్బు గురించి రాసుకోవలసి వచ్చింది. హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు విద్యార్థులు యూనివర్సిటీలోనే వేసుకున్న డేరాకు వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఆ రంగాలంకరణ ఏ దర్శకుడూ కల్పించింది కాదు. దాని మీద మన యువజనోత్సవాల్లో ఎన్ని నాటకాలు చూశారు మీరు?

నిర్వాహకులకు మూడు మాటలు.

ఒకటి. హాస్టల్ పిల్లలను రావద్దన్న నోటిమాట తీర్మానాన్ని నోటిమాటగానైనా సరే, అందరి ముందర వెనక్కి తీసుకోండి. ప్రభుత్వ డబ్బుతో కట్టిన హాలు అది. అందులో కూర్చోవడానికి మా పిల్లలకు మీ సెలెక్షన్ అక్కర్లేదు.

రెండు. మా యాసను కామెడీకి వాడుకోవడం ఆపండి. ఆ భాషలో ఫీజు కోసం చేతులు చాచిన తల్లులున్నారు. అది నవ్వు పుట్టించే సరుకు కాదు.

మూడు. నాటకం అయ్యాక నీతి అడగకండి. "ఇందులో నువ్వు ఎక్కడున్నావు?" అని అడగండి. జవాబు వినే ధైర్యం ఉంటేనే అడగండి.

మా పిల్లలకు ఒక్క మాట. నాయనా, తల్లీ, మీకు నవ్వు వచ్చిన చోట నవ్వండి. రాని చోట ఎవరి కోసమూ నవ్వకండి. ఆ పనిమనిషి పాత్రకు ఒక పేరు పెట్టండి. ఆమె కూతురి ఫీజు ఏమైందో రాయడం మొదలుపెట్టండి. మొదటి ఘట్టం తెస్తే చాలు, బెంచీలు పక్కకు జరపడానికి నేను సిద్ధం.

జై భీమ్.