తెరపై ఎనిమిది అక్షరాలు

ఇటీవల మా మదరసాకు ఒక దాత పాఠాల నిమిత్తం పెద్ద టీవీని ఇచ్చారు. అందులో వీడియో పాఠాల యాప్ తెరిస్తే అది పాస్‌వర్డ్ అడగలేదు. ఒక వెబ్ చిరునామా, దాని కింద ఎనిమిది ఆంగ్ల అక్షరాలు కనిపించాయి. ఫోన్‌లో ఆ చిరునామా తెరిచి ఈ అక్షరాలు నమోదు చేయాలట. “ఉస్తాద్, పాస్‌వర్డ్ చెప్పకుండానే మనమెవరో టీవీకి ఎలా తెలుస్తుంది?” అని ఒక విద్యార్థి అడిగాడు. వెంటనే బదులివ్వలేక ఒక రోజు గడువు తీసుకున్నాం.

బ్రౌజర్, కీబోర్డు లేని సాధనాల కోసం ఏర్పడిన పద్ధతి ఇది. 2019 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 8628 అనే పత్రంగా ప్రమాణీకరించారు. టీవీ అడగగానే సర్వర్ రెండు కోడ్‌లు ఇస్తుంది. పొడవైనది టీవీలోనే రహస్యంగా ఉంటుంది. పొట్టిది మనకు కనిపిస్తుంది. దానిని మన ఫోన్‌లో నమోదు చేసి అనుమతి ఇస్తాం. ఈలోగా టీవీ తన రహస్య కోడ్‌తో “అనుమతి వచ్చిందా?” అని సర్వర్‌ను అడుగుతూనే ఉంటుంది. వేరే గడువు చెప్పకపోతే 5 సెకన్లకొకసారి అడగాలి. తొందరపడితే, మరో 5 సెకన్లు ఆగి అడగమని సర్వర్ మందలిస్తుంది. (మా తరగతిలోనూ కొందరికి ఈ నియమం అవసరమే!) అనుమతి లభించాక టీవీ చేతికి ఒక టోకెన్ వస్తుంది. పాస్‌వర్డ్ టీవీని చేరదు. రిమోట్‌తో ఒక్కొక్క అక్షరం నొక్కుతుంటే గదిలోని వారంతా చూసే ఇబ్బందీ లేదు.

పొట్టి కోడ్‌లో అచ్చులు వాడవద్దని ఆ పత్రం సూచిస్తుంది, పొరపాటున ఏదైనా పదం ఏర్పడకుండా. మిగిలిన 20 హల్లులతో ఎనిమిది స్థానాలు నింపితే 2,560 కోట్ల కోడ్‌లు వస్తాయి. కనుక ఊహించి కనుక్కోవడం కష్టం. అందుకే మోసగాడు ఊహించడు, మన చేతనే నమోదు చేయిస్తాడు.

ఇది మాకు దాదాపు జరిగింది. ఆన్‌లైన్ సమావేశానికి ఆహ్వానమంటూ ఒక సందేశం, అందులో ఒక కోడ్ వచ్చాయి. చిరునామా పరిశీలించాం, అసలైనదే. అక్షరాలు నమోదు చేశాం. “మరొక సాధనంలో లాగిన్ అవుతున్నారా?” అని పేజీ అడిగినప్పుడు చేయి ఆగింది. మా ఎదుట మరొక సాధనమేదీ లేదు! ఆ కోడ్ పుట్టింది ఎవరో అపరిచితుని తెరపై. మేము ‘అవును’ నొక్కి ఉంటే దాతల వివరాలున్న మదరసా ఈమెయిల్ అతని ఎదుట తెరుచుకునేది. చిరునామా అసలైనదో కాదో చూడమని మేమే అందరికీ చెబుతుంటాం. ఆ జాగ్రత్త ఇక్కడ ఏ మాత్రం పనికిరాలేదు.

కనుక గల్ఫ్‌లోని కుమారుని పేరుతో వచ్చినా సరే, ఫోన్‌లో గానీ సందేశంలో గానీ వచ్చిన కోడ్‌ను నమోదు చేయకండి. కోడ్ చూపుతున్న తెర మీ కళ్ల ఎదుట ఉండాలి, లాగిన్ మీరే మొదలుపెట్టి ఉండాలి. పొరపాటున అనుమతి ఇస్తే, పాస్‌వర్డ్ మార్చితే చాలుననుకోకండి. ఖాతాలోని సాధనాల జాబితా తెరిచి, తెలియని దానిని తొలగించండి.

ఆ జాబితాను మేమూ తెరిచి చూశాం. రెండేళ్ల క్రితం ఒక బంధువు ఇంట పెళ్లి వీడియో చూడటానికి లాగిన్ అయిన టీవీ ఇంకా అందులోనే ఉంది. దానిని తొలగించి, ఆ సంగతి వారికి ఫోన్ చేసి చెప్పాం.