విశ్రాంతిలో గుండె చెప్పని మాట

ఎకో నివేదిక చేతికి రాగానే మన ఇండ్లలో అందరి చూపూ ఒక్క అంకెపైనే నిలుస్తుంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 శాతమని ఉంటే, గుండె బాగున్నదని నిశ్చింత పడతారు. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఎంత భాగం ఒక్కో స్పందనకు బయటికి వెళుతున్నదో ఆ అంకె తెలుపుతుంది. 120 మిల్లీలీటర్లు నిండి 70 వెళితే అది దాదాపు 58 శాతం. అయితే అది మంచంపై విశ్రమించిన గుండె లెక్క మాత్రమే.

1899లో స్వీడన్ వైద్యుడు హెన్షెన్, మంచుపై స్కీయింగ్ పోటీలలో పాల్గొనేవారి ఛాతీపై వేళ్ళతో తట్టి పరీక్షించి, వారి గుండెలు సాధారణం కంటే పెద్దవని గుర్తించాడు. అవి రోగుల గుండెలు కావు. ఏళ్ళ తరబడి పరుగు, సైకిల్ సాధన చేసినవారి జఠరిక విశాలమవుతుంది. విశ్రాంతిలో నాడి నిమిషానికి 45కు దిగవచ్చు. 180 మిల్లీలీటర్లు నిండి 95 వెళితే శాతం 53 మాత్రమే. కాగితంపై చూస్తే వైఫల్యపు తొలిదశ వలెనే తోస్తుంది. తేడా బయటపడేది శ్రమలోనే. తర్ఫీదు పొందిన గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల నుండి 30 లీటర్లకు పైగా రక్తాన్ని పంపగలదు. జబ్బుపడిన గుండెకు ఆ శక్తి ఉండదు.

మన ఇండ్లలో జరిగే పొరపాటు దీనికి విలోమమైనది. శాతం 60 ఉన్నా గుండె వైఫల్యం ఉండవచ్చు. కండరం బిరుసెక్కి సరిగా సడలదు. నిండేటప్పుడు పీడనం పెరిగి, ఆ ఒత్తిడి ఊపిరితిత్తులకు చేరుతుంది. వయసు మళ్ళి, రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం ఉన్న స్త్రీలలో ఇది తరచుగా కనిపిస్తుంది. మెట్ల మధ్యలో ఆగిపోయే తల్లిని చూసి వయసు వల్లనేనని సరిపెట్టుకోవడం ఎంత సులభం!

కనుక వైద్యునితో శాతం గురించి మాత్రమే మాట్లాడి రావద్దు. ఎడమ కర్ణిక పెద్దదైనదా, నిండే పీడనం ఎట్లున్నది, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష అవసరమా అని అడగండి. స్థూలకాయుల్లో ఈ పరీక్ష విలువ తక్కువగా రావచ్చునని కూడా తెలిసి ఉండాలి. సందేహం మిగిలితే సైకిల్ తొక్కిస్తూ ఎకో తీస్తారు. మాస్కు తగిలించి శ్రమలో వినియోగమయ్యే ఆక్సిజన్‌ను కొలిచే పరీక్ష మరొకటి. దీర్ఘదూర పరుగు విజేతలలో ఇది కిలో బరువుకు నిమిషానికి 70 మిల్లీలీటర్లను దాటుతుంది. తీవ్ర వైఫల్యంలో 14కు దిగువన ఉంటే గుండె మార్పిడిని పరిశీలించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఈ యంత్రాలేవీ లేని చోట 6 నిమిషాల నడక పరీక్ష ఉన్నది. దానికి కావలసినవి ఒక వరండా, ఒక గడియారం!

వైద్యుని వద్దకు వెళ్ళేముందు ఇంట్లోనే కొన్ని సంగతులు వ్రాసుకోండి. ఆమె ఏ పనులు మానుకున్నది, ఎన్ని దిండ్లపై పడుకుంటున్నది, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయా? ముందుకు వంగిన అర నిమిషంలోనే ఆయాసం రావడం కూడా గుండె వైఫల్య లక్షణాలలో ఒకటి. రుకూలో, సజ్దాలో ఊపిరాడక నమాజును కుర్చీపైకి మార్చుకున్న తల్లి, మోకాళ్ళ నొప్పి అని మాత్రమే చెప్పి ఊరకుండవచ్చు. ఎప్పటి నుండి మార్చుకున్నదో, ఎందుకో అడిగి, ఆ మాటను నివేదికతో పాటు వైద్యునికి చెప్పండి.