కలతపెట్టినదెవరు? కలతపడినదెవరు?

'డిస్టర్బ్' అనే ఇంగ్లీషు క్రియను ఎరుగని విద్యార్థి మన మైలవరంలో ఉండడు. "డిస్టర్బ్ చేయకు" అని తెలుగులోను, "డిస్టర్బ్ మత్ కరో" అని ఉర్దూలోను నిత్యం అంటూనే ఉన్నాము. చిరపరిచితమైన మాట గనుక దాని అర్థం పూర్తిగా తెలిసినదే అనుకుంటాము. చిక్కంతా అక్కడే ఉన్నది. మన వాడుకలో అది పనికి అంతరాయం కలిగించడం వరకే. మనసును కలతపెట్టడం కూడ ఇంగ్లీషులో దాని అర్థమే.

ఈదురుగాలుల వార్త మామిడి రైతును కలతపెట్టిందనుకుందాము. వార్త 'డిస్టర్బింగ్', రైతు 'డిస్టర్బ్డ్'. ఈ భేదం పట్టుబడక "ఐ యామ్ డిస్టర్బింగ్" అని వ్రాసే విద్యార్థి, తాను బాధపడ్డానని చెప్పబోయి పరులను బాధపెడుతున్నానని ఒప్పుకున్నవాడవుతాడు.

ఈ భేదం మన భాషలకు కొత్త కాదు. తెలుగులో గాభరాపడు, గాభరాపెట్టు. ఉర్దూలో పరేషాన్ హోనా, పరేషాన్ కర్నా. కొరియా భాషలో సైతం 'తంగ్‌హ్వాంగ్‌హాదా' అంటే కంగారుపడు, 'తంగ్‌హ్వాంగ్‌హగే హాదా' అంటే కంగారుపెట్టు. 2019లో పెనుకొండ వద్ద కియా కార్ల ఉత్పత్తి మొదలైనది మొదలు మన రాష్ట్రంలోనే తెలుగువారు, కొరియావారు కలిసి పనిచేస్తున్నారు. ఇంగ్లీషులో మాట్లాడుకొనవలసివస్తే ఉభయులకూ ఒకే చోట కాలుజారే అవకాశమున్నది. ఏలయనగా డిస్టర్బ్, కన్‌ఫ్యూజ్, ఎంబరాస్, అన్‌నర్వ్ వంటి క్రియలు పుట్టుకతోనే 'పెట్టు' అర్థం కలవి. 'పడు' అర్థం కావలెనంటే వాటిని కర్మణి ప్రయోగంలోకి మార్చుకొనవలెను.

ఇది కేవలం మార్కుల విషయం కాదు. 1997లో మన రాష్ట్రంలో ర్యాగింగు నిషేధ చట్టం వచ్చినది. వేధింపునకు గురైన విద్యార్థి దూరప్రాంతపు కళాశాలలో ఇంగ్లీషున ఫిర్యాదు వ్రాయవలసివస్తే, ఎవరు పెట్టారో, ఎవరు పడ్డారో ఆ కాగితం స్పష్టంగా చెప్పాలి. ప్రత్యయం ఒక్కటి తారుమారైతే ఫిర్యాదిదారే అపరాధిగా కనిపిస్తాడు.

కనుక అధ్యాపకులకు, కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఇటువంటి క్రియలకు పరీక్షలో అర్థం మాత్రమే అడగవద్దు. 'పెట్టు'తో ఒక వాక్యం, 'పడు'తో ఒక వాక్యం వ్రాయించండి. తెలుగు, ఉర్దూ జంటలను ఇంగ్లీషు సరసనే నల్లబల్లపై నిలపండి. విద్యార్థులారా! ఇంటి భాషలను తరగతి గుమ్మం వద్ద విడిచిరావద్దు. ఈ పాఠంలో సగం మీకు ఇంటి వద్దనే వచ్చును.