ఉక్కు బలము – ఉక్కు శుభ్రత

"విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని 1966లో రాష్ట్రమంతయు ఎలుగెత్తినది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికి అంకితమైనది. హక్కుకై పోరాడిన జాతికి ఆ లోహపు గుణదోషములను తెలిసికొను బాధ్యతయు కలదని మా అభిప్రాయము.

ఉక్కు కొనువారు సాధారణముగా బలమునే అడుగుదురు. శుభ్రతను అడుగువారు అరుదు. కరిగిన ఉక్కులోని ఆక్సిజనును తొలగించుటకు అల్యూమినియము, సిలికాను కలుపుదురు. అప్పుడేర్పడు ఆక్సైడులలో చాలభాగము చిట్టెములోనికి తేలిపోవును. కొంత లోపలనే చిక్కుకొనును. గంధకము మాంగనీసుతో కూడి సల్ఫైడుగా మిగులును. వీనినే అలోహ మలినములందురు. ఇవి పెక్కు మిల్లీమీటరులో నూరవ వంతునకు మించవు.

ఉప్పు తేమ తగిలినచో ఈ అణుమాత్రములే చేటు తెచ్చును. సల్ఫైడు కరిగి గుంటకు చోటిచ్చును. గట్టి ఆక్సైడు రేకు సాగునపుడు తాను సాగక చుట్టును సన్నని సందు నేర్పరచును. ఆ సందులో ఇనుము కరిగి ఆమ్లము పుట్టును, క్లోరైడు చేరును, అడుగు మరింత వేగముగా తినివేయబడును. పైపై తుప్పు కంటబడును, గీకి రంగు వేయవచ్చును. ఈ గుంట పైకి సూదిమొనంతయే కనబడును.

మెత్తని ఉక్కు కొంత సాగి ఓర్చుకొనును. అధిక బలము గల ఉక్కుకు ఆ ఓర్పు తక్కువ. గుంట అడుగే చీలికకు మొదలగును. 1967 డిసెంబరు 15న అమెరికాలో ఓహియో నదిపై సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది మరణించిరి. తుప్పు, ఒత్తిడి కలిసి ఒక్క కడ్డీలో కలిగించిన చీలిక రెండున్నర మిల్లీమీటర్ల లోతైనదే. ఆ దోషము మలినములదని మేము చెప్పుట లేదు. బలమైన ఉక్కు చిన్న చీలికను కూడ క్షమింపదని మాత్రమే చెప్పుచున్నాము.

శుభ్రమైన ఉక్కుకు ఖర్చు అధికమని కొందరందురు. నిజమే. గంధకమును తగ్గించుట, కాల్షియముతో సల్ఫైడులను గుండ్రని రేణువులుగా మార్చుట, శూన్యములో వాయువులను తీయుట, ఇవన్నియు వ్యయముతో కూడినవే. కావున ప్రతి కడ్డీకిని ఆ శుభ్రత కోరనక్కరలేదు. మన నాతవరములోని తాండవ జలాశయపు తలుపులను తాకునది మంచినీరు. విశాఖ రేవు క్రేనులను తాకునది ఉప్పుగాలి. బలము హెచ్చుగా, ఉప్పు దగ్గరగా ఉన్నచోట శుభ్రతను తప్పక అడుగవలెను. వంతెన తీగలు, బోల్టులు, స్ప్రింగులు అట్టివి.

అడుగుటకు ముందు చూడ నేర్వవలెను. నునుపు చేసిన ఉక్కు ముక్కలలో ఈ మలినములను చూపుటకు లోహ పరీక్షకు తగిన సూక్ష్మదర్శిని నొకదానిని రసాయనశాలకు సమకూర్చవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. మన విద్యార్థులలో పలువురు రేపు వెల్డర్లుగా, సూపర్వైజర్లుగా పనిచేయుదురు. ఉక్కు పట్టీలో బలము అంకె చూచి సంతకము చేయుటకు ముందు, లోపల ఏమున్నదని వారు ప్రశ్నింపగలిగిన చాలును.